వాన వాటాలు

ఒంగోల్లో, ప్రణాళిక శాఖ మేడ మీద
మూడో ఫ్యాను కింద, నా కంప్యూటర్లో
వాన పడుతుంది.
తడి ఉండదు, మట్టివాసన ఉండదు.
నేలంతా పరిచిన చదరాలు,
చదరానికో అంకె.

వాటి మీద మండలం గీత పరుస్తాను.
మండలం చదరం కాదు.
ఒకచోట వాగు వెంట వంకర పోతుంది,
ఒకచోట కొండను సగం మింగి వదిలేస్తుంది,
పడమటి అంచైతే
మేక కొరికిన ఆకే.

నాలుగు చదరాలు తగిలాయి ఆ గీతకి:
పన్నెండు, ఇరవై, డెబ్బై, నూటపది మిల్లీమీటర్లు.
పాత పద్ధతి సులువు.
నాలుగూ కూడి నాలుగుతో భాగిస్తే యాభైమూడు.
నలభై దాటింది గనక కరువు లేదు.
మూడేళ్ళు అలా నేనే కొట్టాను,
కింద ఖాజావలి సారు సంతకం.

మొన్న పామూరు బస్సు దిగి మాలకొండమ్మ వచ్చింది.
చేతిలో అర్జీ కూడా లేదు.
"యాభైమూడు పడిందంట గదా,
యాడ పడిందో చూపించు నాయనా, పోయి తడిసొస్తా.
నెలరోజులుగా వాకిట్లో మంచం
ఒక్క రేత్రి లోపలికి ఎత్తలా."

మా నాన్న సర్వేయర్ల వెనక గొలుసు లాగినవాడు.
కందుకూరు వైపు అంకణాల లెక్క ఆయనది.
గట్టు వంకర తిరిగిన చోట
మిగిలిన మూలకి వేరే త్రిభుజం గీసి,
"ముక్కకి ముక్క విలువేరా,
చేనంత విలువ కట్టబాక" అనేవాడు.

ఆ రాత్రి కోశాను.
గీత చదరాన్ని ఎక్కడ దాటితే అక్కడ,
డిగ్రీల్లో కాదు, నేల మీది మీటర్లలో.
నూటపది కురిసిన చదరం
మండలంలోకి వేలు పెట్టిందంతే, నూటికి తొమ్మిది పాళ్ళు.
డెబ్బైది పదహారు.
ఇరవైది ముప్ఫై ఒకటి.
పన్నెండు మాత్రం
నలభై నాలుగు పాళ్ళు పరుచుక్కూర్చుంది
వాడిన కంది మీద.
వాటాకి వాటా గుణించి కూడితే
ముప్ఫైరెండున్నర, మీద కాస్త.

ఖాజావలి సారు కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టారు.
"అదే వాన, అదే మండలం గదయ్యా."
అదే సార్. వాటాలే వేరు.
"మరి ఆ మూడేళ్ళవి?"
ఇద్దరం ఫ్యాను చప్పుడు విన్నాం.

ఫోను చేసి చెప్పాను:
ముప్ఫైరెండు చిల్లరమ్మా, మీ మండలం జాబితాలో కొస్తుంది.
అవతల కాసేపు మేకల గంటలు.
"ముప్ఫైరెండా?
అది మాత్రం యాడ పడింది నాయనా?"

మీ వైపు చదరంలో పన్నెండేనమ్మా, అన్నాను.
అన్నాక తట్టింది,
ఆ పన్నెండూ పాతిక కిలోమీటర్ల సగటేనని.
దాని లోపల ఎక్కడో
కోయడానికి నా దగ్గర గీత లేని జాగా,
ఒక నులకమంచం పట్టేంత.
ఆరడుగులు, మూడడుగులు.
నాన్న లెక్కన అంకణంలో పావు.
పొడిగా ఉంది.