సెలవు చీటి

నేనే వద్దన్న మొదలు. దాచేదేముంది.
లక్డీకాపూల్ హోటల్ల కింది అంతస్తు,
దినాం నాలుగు వందల దుప్పట్లు,
అండ్ల ఈమెకెవలు నేర్పాలె అన్న,
ఆమె ముందరనే.

ఎస్తేరు మేడం వాదులాడలే.
కుర్చీ ఒకటి అడిగి
చంద్రకళ పక్కకు ఏసుకొని కూసుంది.
బల్ల మీద రంగుల టేపులంటించింది:
పచ్చగీత కాడికి తువ్వాల అంచు,
ఎర్రగీత కాడికి దిండు గలేబు.
మొదటి దినం మూడంటే మూడే దుప్పట్లు.

వారమైనంక కుర్చీ గజం జరిగింది.
నెలకు తలుపు కాడికి,
మూడు నెలలకు మెట్ల మీదికి పోయింది.
ఇప్పుడా కుర్చీల
చంద్రకళ టిఫిన్ డబ్బ కూసుంటది.

మేనేజర్ సారు సగం తన్ఖా అన్నడు.
"సగానికి మడిచేది దుప్పటిని సార్"
అన్నది మేడం, సంచి సర్దుకుంట.
సారు ఇంకో కాగితం తీసిండు.

మొదటి తన్ఖాకు అందరికి మిర్చి బజ్జీలు తెచ్చింది.
నాకొక్కటి తక్కువిచ్చింది.
యాదికుంచుకుంది.

అన్ని దినాలు ఒక్కతీరు లేవు.
ఓరోజు జనరేటర్ మొత్తుకుంటే
చెవులు మూసుకొని బల్ల కిందికి దూరింది.
నేను ఒర్రబోయిన.
ఖుర్షీద్ బీ నా చెయ్యి పట్టి ఆపి
తానూ పోయి నేల మీద కూసుంది,
మాట లేకుంట, చాయ్ చల్లారేదాంక.
లేచినంక చంద్రకళ
ఆగిన మడత కాడికెల్లే షురూ చేసింది.

ఇగ నేర్సుకుంది గదా, టేపులు పీకేద్దామనుకున్న.
ఒడిశా నుంచి కొత్తగొచ్చిన పిలగాడు సుశాంత,
మన భాష రాదు, బోర్డు చదవరాదు,
గీతలు చూసుకుంటనే
పొద్దుమీకేలోపు పని అందుకున్నడు.
టేపులట్లనే ఉన్నయి.

మొన్న నా ముందర కాగితం పెట్టింది.
పెద్ద పెద్ద అక్షరాలు, ఆఖరిది అంచు దాటింది:
"శుక్రవారం సెలవు కావాలె."
ఎందుకన్న.
"ఊకెనే."

ముప్పై రెండేండ్లు చిలకలగూడ ఇంట్ల
కిటికీ కాడ కూసున్న మనిషి.
ఏ రిజిస్టర్ల పేరు లేదు,
రాకపోతే ఏడబోయిందని అడిగేటోడు లేడు.
అన్ని దినాలూ సెలవైనోళ్లకు
సెలవెక్కడిది?

కారణం అన్న గడిల
"ఊకెనే" అని రాసి సంతకం పెట్టిన.

శుక్రవారం తువ్వాలలన్నీ వంకరటింకర.
పదకొండింటికి పైనుంచి ఫోను:
"ఏమైందయ్యా, చంద్రకళ రాలేదా?"

లేదు సార్.
సెలవుల ఉన్నది.