వరుస సంఖ్య పదిహేడు

జిల్లాలోని పాత విహారాల జాబితా రాయమని
నాకొక టేపు, ఒక గొడుగు,
నాలుగు గడుల కాగితాల కట్ట ఇచ్చారు:
పేరు. ఎవరు ఉండేవారు. ఎన్ని గదులు. ప్రస్తుత స్థితి.

పదహారు మెట్టలు ఎక్కి దిగాను.
రెండింటిని వంశధారే కోసుకుని తినేసింది.
ఒకదాని నెత్తిన సెల్‌ టవరు.
ఒకదాని మీద మేకలు, వాటి నడుమ కూర్మయ్య మధ్యాహ్నపు నిద్ర.
ఆఖరి గడిలో శిథిలం, శిథిలం అని రాసీ రాసీ
ఆ మాటకే పెచ్చులూడిపోయాయి.

పదిహేడోది జీడితోటల్లో ఉంది,
సన్నాసుల మెట్ట అంటారు.
ఏ సన్నాసులని అడిగితే నవ్వుతారు.
తిత్లీ గాలి కొట్టిన రాత్రి
ముప్పయ్యేళ్ళ జీడిచెట్టు వేళ్ళతో సహా లేచి పడిపోతే
ఆ వేళ్ళ గుప్పిట్లో ఇటుకలు.
తోట తవిటమ్మది.
చెట్లు పోయిన ఏడుపులో చాన్నాళ్ళు ఆమె వాటిని చూడనేలేదు.
చెట్టుకింతని సర్కారు లెక్కగట్టింది.
చెట్టు కింద ఉన్నదానికి ఏ లెక్కా లేదు.

టేపు ఒక కొస ఆమె పట్టుకుంది.
ఆరడుగుల రెండంగుళాలు, అడ్డం అయిదున్నర.
"ఇంతేనా బాబూ? మనిసెలా తొంగున్నాడు ఇందల?
కాళ్ళు ముడుసుకునా?"
శ్రీకాకుళంలో నా అద్దెగది గుర్తొచ్చింది,
మంచం వేస్తే తలుపు సగమే తెరుచుకుంటుంది.
చెప్పలేదు.

తొమ్మిది గదులు తేలాయి.
తొమ్మిదింటికీ గడపరాయి ఎడంవైపే అరిగింది.
ఎందుకో నాకు తెలీదు,
వంగి చేత్తో తడిమాను, అంతే.

"ఏటి తినీవోరు?"
గిన్నె పట్టుకుని ఊళ్ళోకి వచ్చేవారు,
ఏది పెడితే అదే.
"మావోల్లేటి పెట్టుంటారు, సోడంబలేగదా" అంది.
టేపు చుట్టుకుంటూ కాసేపు ఊరుకుంది.
"నన్ను పుట్టగానే తవుడికి అమ్మీసినారు.
నా ముందు ముగ్గురు పోనారు మరి.
ఎదురింటి గౌరప్ప సేటెడు తవుడోసి కొన్నాది,
ఆ మాపే పాలకని మాయమ్మకే ఇచ్చీసినాది.
సావుని ఏమార్చాలంటే
ఎవల పిల్లా కాకుండా పోవాల, ఒక్క పూటన్నా.
ఆ సన్నాసులూ అంతేనేటి?"

నేను చదివిన వాటిలో ఈ ప్రశ్న లేదు.
గొడుగు ముడిచాను, తెరిచాను.

ఎండ దిగేదాకా కూర్చోమని ఇంటికి తీసుకెళ్ళింది.
పొయ్యికి మూడు ఇటుకలు,
మూడూ మూరెడు పొడుగు, మెట్ట మీదివే.
అత్తగారు పెట్టింది, ఆవిడ అత్త ఆవిడకి చూపించిందట.
మసి కింద ఒకదాని వీపున
కుక్క అడుగు.
ఇటుక పచ్చిగా ఎండుతున్నప్పుడు అడ్డంగా నడిచిపోయింది.
ఎవరో ఛీ పో అనే ఉంటారు,
వెనక పాదం ముందు పాదం గుర్తు మీదే పడింది.
దానమిచ్చిన షావుకారు పేరు పోయింది,
మట్టి తొక్కినవాడి పేరు ఎవరూ అడగలేదు,
కుక్క తొందర మాత్రం
నిన్నటిదానిలా ఉంది.

రూలు ప్రకారం ఆ ఇటుక నాతో రావాలి.
రూలుకి తెలీదు,
దాని మీద ఎసరు కాగుతోందని.

కాగితం మోకాలి మీద పెట్టుకున్నాను.
పేరు: సన్నాసుల మెట్ట.
ఎవరు ఉండేవారు: తెలియదు.
ఎన్ని గదులు: తొమ్మిది.
పది అని దిద్దబోయి మానేశాను.
ప్రస్తుత స్థితి

దగ్గర కలం ఆగింది.
తవిటమ్మ సత్తుగిన్నె చాపింది.
కాగితం కింద పెట్టి
రెండు చేతులా అందుకున్నాను.

"వేడిగున్నాది" అంది,
"ఊదుకోని తాగు."