వెనక సీట్ల బిందె

ఎనిమిదో నెల పడ్డనాడు
ఇత్తడి బిందెల అంచుదాక నీళ్ళు నింపి
ఆటో వెనక సీట్ల కూసోబెట్టిన.
చుట్టూ బొంత కుక్కిన.
అంకీస నుంచి సిరొంచ దాక నడిపిన.

దవాఖాన గేటుకాడ దిగి చూస్తే
బిందెల సగం, బొంతల సగం.

"ఆలిని తీస్కపోయేటోనివా, నీళ్ళమ్మేటోనివా?"
అని బానవ్వ నవ్వింది.
నేను నవ్వలే.

ఇన్నేండ్లు తిరిగిన రోడ్డే,
మల్ల ఒకటో తరగతి నుంచి చదివిన.
మిర్చి కళ్ళం కాడ ఎడమకు.
కల్వర్టుకు ముందే రెండో గేరు.
ఫారెస్టు నాకా దాటంగనే మూడు గుంతలు,
మూడోది దొంగది, చెట్టునీడల దాక్కుంటది.

నొప్పులు పొద్దు చూసుకోని రావు గదా,
రాత్రి గూడ పోయిన.
చెక్‌పోస్టు కాడ టార్చి వేసి
నీళ్ళు యాడికని మరాఠీల అడిగిండు పోలీసాయన.
నా పెండ్లానికని తెలుగుల చెప్పిన.
బిందెను చూసిండు, నన్ను చూసిండు.
తన బిడ్డ పుట్టినప్పుడు తాను అడవిల డ్యూటీల ఉన్నడట,
నాలుగు దినాలకు ఫోన్ల ఫోటో చూసిండట.
బారికేడు ఆయనే జరిపిండు.

వనితది బి నెగెటివ్ రక్తం.
ఆశాతాయి కార్డు మీద ఎర్రపెన్నుతోని గుండ్రం చుట్టింది.
నాలుగూర్లు అడిగితే ఒక్కడు దొరికిండు:
సడవలి.
పోయినేడు గట్టు పంచాయితీల
నేను అంగి చింపినోడు.

వాని వాకిట్ల చెప్పులు విడిచి
చానాసేపు నిలబడ్డ.
వాడు అన్నం తింటుండె, తలెత్తలే.
"అద్దరాత్రైనా తలుపు కొట్టు" అన్నడు,
"గట్టు సంగతి గట్టుదే."

తునికాకు పైసలు పసుపు డబ్బల ఉన్నయి.
పాత చీరెలు ఉతికి, ఉడకబెట్టి, మడత వెట్టిన.
అన్నీ అయినయి.
నాకు తండ్రితనమే చేతగాదు.

మా బాపు ప్రాణహిత మీద పడవ నడిపెటోడు.
నాకు ఆరేండ్లప్పుడు పోయిండు.
ముఖం యాదికి రాదు.
వీపు యాదికున్నది,
చెమటకు మెరిసే నల్లటి వీపు,
తెడ్డుతోని లేస్తూ, వంగుతూ.
ఎనక్కి తిరిగి నన్ను చూసిండో లేదో
ఎవరినని అడుగుదు?

ఆటోల గూడ అంతే,
ఎనక కూసున్నోళ్ళకు వీపే దక్కుతది.
అందుకే నిన్న
అద్దాన్ని లోపలికి తిప్పి బిగించిన.

"ఇయ్యాల బిందె వద్దు, నేనే వస్త"నని
వనిత ఎక్కింది.
కల్వర్టు దాటినం.
"గింత మెల్లగ పోతె తొవ్వలనే కంట" అన్నది.
అద్దంల ఆమె నవ్వు చూస్కుంట
మూడో గుంతను మర్చిపోయిన.

ధడేలుమన్నది.
బ్రేకు తొక్కి తిరిగి చూసిన.
రెండు చేతులు కడుపు మీద వెట్టుకోని
ఆమె అన్నది గదా:
"ఈ తన్ను నాకు గాదు.
నీకే."