పన్నెండో ఫోల్డరు

నక్కలగుట్టల రెండో అంతస్తు.
కింద జిరాక్సు షాపు షట్టరు పడి రెండు గంటలాయె.
నల్లటి తెర మీద కర్సరు
నిద్ర పట్టని పిల్ల లెక్క రెప్పలు కొడుతాంది.

పందొమ్మిది ఫోల్డర్లు.
గేటు పాసుది ఒకటి, కాంటది ఒకటి, చీటీ అచ్చేసేది ఒకటి,
రైతు ఫోనుకు మెసేజి పంపేది ఇంకొకటి,
పత్తికి వేరే, పల్లికి వేరే,
జమ్మికుంటకొకటి, కేసముద్రానికొకటి.
వేరుపడ్డ అన్నదమ్ముల పొయ్యిలు,
అన్నిట్ల ఉడికేది ఒక్కటే కూర.

పొద్దటి నుంచి ఒక్కొక్కదాంట్లకు దిగుడు, ఎక్కుడు.
సీడీ, గిట్ పుల్, మళ్ల సీడీ చుక్క చుక్క.
ఏ ఇంట్ల ఉన్ననో నాకే తెల్వకుంటయ్యింది.
ఏడోదాంట్ల రాసేది ఎనిమిదోదాంట్ల రాసి
నాలిక కర్చుకున్న.

ఆఖరికి మూడు లైన్ల లూపు రాసిన:
ఉన్న ప్రతి ఫోల్డరు గడప తొక్కు,
కొత్తదేమన్న వచ్చి ఉంటే తెచ్చుకో,
ఈ మరమ్మతు పెట్టు, బయటికి రా, పక్కింటికి పో.

ఎనుమాముల యార్డుల మిర్చి సీజన్ల
ఖరీదుదారు కుప్పకుప్పకు తిరుగుతడు సూడు,
గుప్పెడు తీసి, ఒకటి విరిచి, వాసన చూసి,
రేటు చెప్పి ముందల కుప్పకు,
అట్ల నడిచింది అది.
దానికి తుమ్ములు రావు, గంతే తేడా.

మరమ్మతంటే పెద్దదేం కాదు.
నాలుగేండ్ల కింద నేనే రాసిన ఒక్క లైను.
బస్తా నలభై కిలోల ఆరువందల గ్రాములు తూగితే
నలభై అని చూపిస్తది.
చుక్క తర్వాతిది కోసేసిన. అప్పుడది సాఫ్‌గ కనపడ్డది.
ఒక కాడ రాసి
పద్దెనిమిది కాడ అతికించిన.

మొన్న కాంట కాడ యాకమ్మ అనే ఆమె, ఆత్మకూరు దిక్కుది,
చీటీ నా ముందల పెట్టింది.
"నేను సదువుకోలే బిడ్డా, ముల్లు చూసుడు వచ్చు.
పాత కాంటకు ముల్లుండె,
అటిటు ఊగి ఎంతుందో నా ముఖానికే చెప్పేది.
మీదానికి ముల్లే లేకపాయె.
ముప్పై బస్తాల మీద నా అర బస్తా
ఏడ దాసిపెట్టిండ్రు?"

ఇంటికి పోయి కాయితం మీద గుణించుకున్న.
పద్దెనిమిది కిలోలు.
ఆమె లెక్క దగ్గర్నే ఉంది.

ఒకటి, అయింది. రెండు, అయింది.
పదకొండు దాకా మాటమీద మాట లేదు.
పన్నెండు కాడ ఆగింది:
ఇక్కడ కమిట్ చెయ్యని మార్పులున్నయ్,
ముందు వాటి సంగతి చూడు.

చూసిన.
మొగిలి.
ఈ పాత మిషన్ మీద ఏడాదిన్నర కూసున్నోడు,
జీతం లేటైతాందని కరీంనగర్‌ల వేరే కొలువు చూసుకున్నోడు.
అదే ఫైలు, అదే లైను.
నా తప్పు కింద అతని దిద్దుబాటు,
నేనియ్యాల పెడుతున్నదానికి అక్షరం తేడా లేదు.
పైన ఒక కామెంటు, ఇంగ్లిషు అక్షరాల్ల మన మాట:
"తూకం తక్కువ చూపిస్తాంది. అక్కను అడగాలె."

అడిగిండు.
ఇప్పుడు యాదికొస్తాంది.
మేడారం జాతరకు ముందల వారం,
నేను ఫోన్ల ఉన్న,
చెయ్యి ఊపి, తర్వాత, అన్న.

చెరిపేసి పోవచ్చు. ఒక్క కమాండు.
లూపు మళ్ల సాఫీగ నడుస్తది,
పందొమ్మిదింట్ల నా పేరే ఉంటది.

కాజీపేట దిక్కు నుంచి గూడ్సు కూత.
కరెంటు పోయినట్టుంది, ఇన్వర్టరు గీ పెడుతాంది.

పన్నెండోదాంట్ల నాది పెట్టలే.
అతనిదే ఉంచిన.
రాసినోని పేరు కాడ మొగిలి అని కొట్టి
పాత మెయిలు అడ్రసు ఎతికి పెట్టిన.
తారీఖు గూడ ఎనక్కి జరపచ్చు, గిట్ ఒప్పుకుంటది.
జరపలే.
ఆలస్యం నాది.

పదమూడు, అయింది.
పద్నాలుగు, మానుకోటది,
జర నెమ్మది.