అంతేనా

నా ఫైల్లో పెన్సిల్‌తో రాసిన అంకె ఒకటుంది.
లక్షా నలభై వేల షిల్లింగులు.
అంతదాకా వెళ్లొచ్చని పైవాళ్ల మాట.
అంతదాకా వెళ్లకుండా చూడటం నా ఉద్యోగం.
మిగిల్చిన ప్రతి వెయ్యికీ
ఏడాది చివర ఒక జాబితాలో నా పేరు
ఒక మెట్టు పైకెక్కుతుంది.

మొంబాసా, కిలిండిని రేవు, మధ్యాహ్నం మూడు.
ఫ్యాను తిరుగుతోంది,
గాలి మాత్రం ఓడలతో పాటు బయటే లంగరేసింది.
ఎదురుగా మ్వనాషా.
పక్క టెర్మినల్లో ఏడేళ్లు క్రేను నడిపిన మనిషి
కుర్చీ అంచున కూర్చుంది,
పరాయి ఇంట్లో చెప్పులెక్కడ విడవాలో తెలియనట్టు.

"తొంభై అయిదు వేలు" అన్నాను.
మొదటి అంకె చెప్పడానికి మాకు శిక్షణ ఇచ్చారు:
గొంతు పెంచకూడదు, కారణం చెప్పకూడదు,
చెప్పేశాక టీ కప్పు అందుకోవాలి.

ఆమె చేతిసంచి జిప్పు తీసింది, వేసింది,
మళ్లీ తీసింది.
ఈ చేతులే కదా, చేపల బజారులో
మొప్పలెత్తి చూసి
"ఇది నిన్నటిది, సగానికిస్తావా" అని నిలదీసేవి!
తన ధర దగ్గరికొచ్చేసరికి
ఏ మొప్పలెత్తి చూపించాలో మనిషికి తోచదు.

"లక్షా... పది" అంది.

పదకొండేళ్ల కిందట ఇదే బల్లకి అటువైపు
నేను కూర్చున్నాను.
వాళ్లన్న అంకెకి "చాలు బ్వానా" అన్నాను.
ఆ చాలుకి వడ్డీ
ఇప్పటికీ నెలనెలా కడుతున్నాను.
అందుకే నోరు జారింది:
"అంతేనా?"

తలుపు తీశాననుకున్నాను.
ఆమెకది వేళాకోళంలా వినబడింది.
"సరే, లక్షా అయిదు."

దేవుడా. ఒక్క మాటకి అయిదు వేలు.
పండని కాయని దులిపినట్టయింది నా పని.
మాట మార్చడానికి
"ఇంకేమైనా అడిగేదుందా?" అన్నాను.
ఫారంలో ఆఖరి గడి అది,
అందరూ లేదనే గడి.

"పైకెక్కాక కిందికి దిగనిస్తారా?"

అర్థం కాలేదు.
ఆమె కిటికీలోంచి క్రేన్లని చూసింది.
"నలభై మీటర్లు. లిఫ్టు ఎప్పుడూ పాడే.
ఎక్కి దిగడానికి అరగంట.
ఓడ ఆగదు కదా.
మగవాళ్లు ఖాళీ సీసా పట్టుకెళ్తారు.
నేను తెల్లారగానే నీళ్లు మానేస్తాను.
ఏడేళ్లు అలాగే.
మొన్న స్కానింగులో రెండు రాళ్లు చూపించాడు డాక్టరు.
షిఫ్టుకి రెండుసార్లు దిగాలి నేను.
జీతం కొయ్యకుండా."

ఈసారి ఎక్కడా తడబడలేదు.
డబ్బడిగిన గొంతూ ఈ గొంతూ
ఒక్కరివేనంటే నమ్మబుద్ధి కాదు.

వైద్యం, సెలవులు, రవాణా, భోజనం,
చస్తే ఇంటికిచ్చేది కూడా ఉంది.
మా ఫారంలో పద్నాలుగు గడులు.
నీళ్లు తాగడానికి గడి లేదు.
అంచున ఖాళీలో అడ్డంగా రాసి
కింద సంతకం పెట్టాను.

తర్వాత ఫైలు మూయలేదు.
నేను చేసింది అదొక్కటే.
కిటికీ రెక్క బిగించే నెపంతో లేచి
వీపు ఆమె వైపు పెట్టి నిలబడ్డాను.
రెక్క ఎప్పటినుంచో బిగిసే ఉంది.

ఉప్పుగాలిలో, నీటి మీద ఎండ కళ్లు పొడుస్తుంటే,
అంతెత్తు నుంచి
తుప్పుపట్టిన పెట్టెల మీద
నాలుగక్షరాలూ ఏడంకెలూ
తలకిందులుగా ఉన్నా చదివే కళ్లు అవి.
నా బల్ల వెడల్పెంత? మూరన్నర.

వెనక జిప్పు చప్పుడు ఆగింది.

"బ్వానా కరిసా" అంది.
నెమ్మదిగా తిరిగాను.
"లక్షా నలభై."

గొంతు పెంచలేదు.
కారణం చెప్పలేదు.
టీ కప్పు అందుకుంది.

నాదే, ఆ కప్పు.