అందువల్ల

మంగళవారం, ఉదయం ఏడుంబావు.
టూవూంబా కొండ మీద పొగమంచు ఇంకా విడలేదు.
కారు వెనక్కి తీస్తూ చెయ్యూపాను.
పక్కింటి గ్లెనిస్ చూసింది.
చూసి, గులాబీ కొమ్మల వైపు తిరిగింది.

జరిగింది ఇంతే.

స్కూలుకి పదకొండు నిమిషాల దారి.
మొదటి సిగ్నల్ దగ్గరికే
నిన్నటి ఇంగువ పోపు ఆవిడ ముక్కుదాకా వెళ్లిందని తేలిపోయింది.
రెండో సిగ్నల్‌కి
వీధి వీధంతా మమ్మల్ని ఓర్చుకుంటోందని,
నాలుగేళ్లుగా మేం చూసినవి పళ్లే తప్ప నవ్వులు కావని.
పార్కింగ్‌లో బండి ఆపేసరికి
ఇల్లు అమ్మేశాను,
ఇందుమౌళిని ఇంకో ఊళ్లో బడికి మార్చాను,
అక్కడా దానికి స్నేహితులు దొరకలేదు.
ఇంజను ఇంకా ఆపనేలేదు.

మొదటి పీరియడ్ ఖాళీ.
తొమ్మిదో తరగతి లెక్కల పేపర్లు.
లాక్లన్ పేపర్లో పైన ప్రశ్న, కింద జవాబు,
మధ్యలో మూడు చుక్కలు: అందువల్ల.
ఎర్ర పెన్నుతో ఎప్పుడూ రాసేదే రాశాను,
"ఈ మెట్టు ఎక్కణ్ణుంచి వచ్చింది?"
రాసి, పెన్ను మూత పెట్టకుండా కూర్చున్నాను.

పాత పేపరొకటి తిరగేసి వెనక రాసుకున్నాను.
ఆవిడ చూసింది.
ఆవిడ తిరిగింది.
అందువల్ల

పెన్ను ఆగింది.
పొద్దున కారులో ఆగలేదు.
ఒక్క చూపు మీంచి నాలుగేళ్ల మీదికి ఒక గెంతు,
ఒక ముసలావిడ నించి వీధికి, వీధి నించి దేశానికి
ఇంకో గెంతు.
ఏ పిల్లాడైనా ఇలా రాస్తే
జాలి కూడా పడకుండా సున్నా చుట్టేదాన్ని.

తాడుని చూసి పామనుకోకు అని
చిన్నప్పుడు అందరూ చెప్పినవాళ్లే.
వాళ్లెవరూ క్వీన్స్‌లాండ్‌లో తోటపని చెయ్యలేదు.
పోయిన డిసెంబరులో నీళ్ల గొట్టమనుకుని నేను చెయ్యి చాచినది
చుట్ట విప్పుకుని కంచె కిందుగా వెళ్లిపోయింది.
కనక "ఏం లేదులే" అనే మాట నాకు చాలదు.
"ఏదో ఉంది" అనే మాటా చాలదు.
టార్చి కావాలి. నాలుగడుగుల దూరం కావాలి.
వెలుగు పడేదాకా
దానికి పేరు పెట్టకుండా ఉండే ఓపిక కావాలి.
అదే నా దగ్గర తక్కువ.
నా మనసు, ప్రశ్న పూర్తికాకముందే
ముందు బెంచీలోంచి చెయ్యెత్తే పిల్ల.

సాయంత్రం గ్లెనిస్ గేటు దగ్గర నిలబడ్డాను.
గొంతు మూడుసార్లు సవరించుకున్నాను.
"పొద్దున మీకు నా మీద కోపం వచ్చిందా?"

వచ్చింది, అంది.

గుండె జారి చెప్పుల్లో పడింది.
చెప్పానా, అంది మనసు. చెప్పానా లేదా.

"మీ చెత్తడబ్బా మళ్లీ నా దారికి అడ్డం పెట్టావు.
ఇది మూడో మంగళవారం.
ఈ తుంటితో నేను దాన్ని జరపలేను."
కత్తెరతో ఒక ఎండు కొమ్మ తుంచింది.
తుంచి, అటే చూస్తూ,
"సోమవారం రాత్రుళ్లు ఏదో వేయిస్తావు. ఏంటది?" అంది.
ఇంగువ అన్నాను. రెండుసార్లు పలికి చూసుకుంది.
బాగుంటుందో లేదో చెప్పలేదు.
అక్కడ ఇంకో అందువల్ల తల ఎత్తింది.
ఎత్తనిచ్చాను. నేనూ అడగలేదు.

ఇంటికొచ్చి నా పేపరు నేనే దిద్దాను.
కోపం: ఉంది, నిజమే. ఒక మార్కు.
కారణం: తప్పు.
వీధి, నాలుగేళ్లు, దేశం: ప్రశ్నలో లేనివి.
ఇల్లు అమ్మకం: కొట్టేశాను.
ఆలస్యంగానైనా మెట్లు చూపించినందుకు అర మార్కు.
పదికి ఒకటిన్నర.

తరవాతి మంగళవారం
డబ్బాని మా గోడ వారకి ఈడ్చిపెట్టాను.
పొగమంచు అలాగే ఉంది.
గులాబీల దగ్గర ఎవరూ లేరు.
గ్లెనిస్ కిటికీ తెర దించి ఉంది.
అందువల్ల

ఆగు,
ఎర్ర పెన్ను ఏ సంచిలో ఉంది?