కాషన్ ఆర్డర్

"బాల్ ఆపినానా నాయనా?"
గుంతకల్లు రైల్వే ఆసుపత్రిలో
నాలుగుసార్లు అడిగింది భార్గవి.
నాలుగుసార్లూ ఆపినావనే చెప్పినా,
మొదటిసారి చెప్పినట్టే.

గోలు కంబానికి తగిలిన తల.
పైన గీత కూడా లేదు,
లోపల మెదడు అదిరిందంట.
వాంతులైనా, మత్తుగా తూలినా
పరుగెత్తుకొని రమ్మనింది డాక్టరమ్మ.
లేకుంటే ఇల్లే మందనింది.

ఇల్లంటే ఏముంది,
లోకోషెడ్డు పక్కన రెండు గదుల క్వార్టర్.
కిటికీకి నా నీలి చొక్కాలు కట్టినా.
ఫోను బియ్యం డబ్బాలోకి పోయింది.
కుక్కర్ మానేసి వాళ్లమ్మ
గంజి వారుస్తాంది,
గరిటె గిన్నెకు తగలకుండా.

పద్దెనిమిదేండ్లు నేను కొట్టిన హారన్
గోడకివతల ఎట్లుంటాదో
ఇప్పుడు తెలిసొచ్చింది.
గూడ్సు కూతకు ముందే
నా అరచేతులు దాని చెవుల మీద.

రాత్రి రెండుకు లేచి
ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే
"ఊపిరి ఉందిలే, పడుకో" అనింది
కండ్లు తెరవకుండానే.

మూడోనాడు ఉగ్గాని అడిగింది.
ఆరోనాడు ఒక్క పేజీ లెక్కలు చేసి
తలనొప్పితో మళ్లీ చీకటి గదిలోకి.
"నేను లేకుంటే టీమెట్ల?"
ప్లేటు తోసేసింది.

ఏం చెప్పల్ల?
కాషన్ ఆర్డర్ చేతికిచ్చినాక
ఎంత లేటున్నా
ఇరవైలోనే పోవల్ల బండి,
పట్టా బాగున్నట్టు నా కంటికి కనపడినా సరే.
వినింది. నమ్మిందో లేదో.

ఈ పొద్దు సాయంత్రం
మంచం మీద కూచొని
నిమ్మకాయ ఎగరేసి పట్టుకుంటా
"ఆ బాల్ నిజంగా ఆపినానా?"
ఐదోసారి.
గుండె ఝల్లుమనింది.
కానీ ఈసారి కండ్లు
నా మీదే నిలిచినాయి.

లేదమ్మా, అన్నా.

"తెలుసులే" అనింది,
మంచం కిందికి దొర్లిన నిమ్మకాయ
తీసిమ్మని చేయి చాపుతా.